పిల్లలతో విండ్ కేవ్‌కి వెళ్తున్నారా?

వేసవి సెలవులు రాగానే అమెరికాలోని మన కుటుంబాలు కొన్ని సౌత్ డకోటా వైపు కారు తిప్పుతాయి. ఊరి నుంచి అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఉంటారు, పిల్లలకు బడి ఉండదు, నాన్నకు నాలుగు రోజులు సెలవు దొరికి ఉంటుంది. పొద్దున మౌంట్ రష్మోర్ కొండ మీద నలుగురు అధ్యక్షుల ముఖాలు, మధ్యాహ్నం కస్టర్ స్టేట్ పార్కులో ఒక చుట్టు, చీకటి పడేలోగా బ్యాడ్‌లాండ్స్. ఈ మధ్యలో గంట ఖాళీ దొరికితే విండ్ కేవ్.

ఈ వరస మార్చుకోమనే నా సలహా. రాతిలో చెక్కిన ముఖాలను పిల్లలు పది నిమిషాలు చూస్తారు, పదకొండో నిమిషానికి ఐస్‌క్రీమ్ అడుగుతారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. విండ్ కేవ్ నేషనల్ పార్కు సంగతి వేరు. నేల కింద 150 మైళ్ళకు పైగా కొలిచిన గుహదారులు, నేల మీద దాదాపు 34,000 ఎకరాల గడ్డిమైదానమూ పైన్ అడవీ. అక్కడ గుహ గాలి పీలుస్తుంది, బైసన్లు రోడ్డు దాటుతాయి, ప్రెయిరీ డాగులు అరుస్తాయి. ఇదంతా గంటలో అయ్యేది కాదు. కనీసం ఒక పగలూ, వీలైతే మర్నాడు పొద్దున కూడా దీనికే ఉంచండి. జాబితాలోంచి ఇంకో చోటు పోతే పోనివ్వండి.

పార్కు ఉన్నది బ్లాక్ హిల్స్ దక్షిణ భాగంలో, హాట్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊరికి పది మైళ్ళ దూరంలో. లోపలికి రావడానికి రుసుము లేదు. గుహలోకి మాత్రం రేంజర్ వెంట, టికెట్ కొనుక్కునే వెళ్ళాలి. వేసవిలో టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే తీసుకోవడం మంచిది. గుహలోకి దిగే లిఫ్టు మరమ్మతులకు వచ్చి టూర్లు ఆగిన సందర్భాలున్నాయి. బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో ఆ సంగతి చూసుకోండి. ఎనిమిది గంటలు కారులో కూర్చుని వచ్చిన పిల్లకు "గుహ మూశారమ్మా" అని చెప్పాల్సి రావడం ఎవరికీ సరదా కాదు.

వెళ్ళే ముందు ఇంట్లో చెప్పడానికి ఒక కథ ఉంది. 1881లో జెస్సీ బింగమ్, టామ్ బింగమ్ అనే అన్నదమ్ములు ఆ కొండల్లో తిరుగుతుండగా నేలలోని ఒక కన్నంలోంచి గాలి హోరుమని వినిపించింది. వంగి చూడబోతే ఆ గాలికి ఒకరి తలమీది టోపీ ఎగిరిపోయింది. కొన్నాళ్ళకు స్నేహితులకు ఆ వింత చూపించాలని మళ్ళీ వెళ్తే, ఈసారి గాలి వెనక్కి తిరిగి టోపీని లోపలికి లాగేసుకుందట. కథ ఇక్కడ ఆపి "ఎందుకలా?" అని పిల్లల్నే అడగండి. రాక్షసుడు ఊపిరి తీస్తున్నాడని నాలుగేళ్ళవాడు అంటాడు, ఫ్యాన్ ఉందని ఆరేళ్ళది అంటుంది. అననివ్వండి.

అసలు కారణం కూడా వాళ్ళకు అందేదే. అంత పెద్ద గుహకు బయటికి ఉన్న దారులు చాలా చిన్నవి. బయట వాతావరణ పీడనం పెరిగితే గాలి లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది. ఫోనులో వాతావరణం చూపించే యాప్‌లో పీడనం అంకె ఉంటుంది. ప్రయాణానికి ముందు వారం రోజులు పిల్లల చేత ఆ అంకె ఒక కాగితం మీద రాయించండి. పార్కుకు చేరిన రోజున "ఇవాళ గుహ గాలి వదులుతుందా, పీలుస్తుందా?" అని పందెం వేసుకోండి. సహజ ద్వారం దగ్గర సన్నటి రిబ్బను ఒకటి పట్టుకుంటే ఎవరు గెలిచారో తేలిపోతుంది. ఆ ద్వారాన్ని చూసి పిల్లలు నమ్మరు, పెద్దమనిషి దూరడమే కష్టం అన్నంత చిన్నది. టూర్లు వెళ్ళేది పక్కన తవ్వి కట్టిన దారిలోంచి.

ఆ కన్నం దగ్గర చెప్పాల్సిన కథ మరొకటి ఉంది, దాన్ని టోపీ కథలా నవ్వుతూ చెప్పకండి. లకోటా ప్రజలకు అది తమ పూర్వీకులు భూగర్భంలోంచి పైకి వచ్చిన చోటు. వాళ్ళ కథ ప్రకారం, సృష్టికర్త చెప్పకముందే మోసపోయి పైకి వచ్చినవాళ్ళు చలికాలానికి తట్టుకోలేకపోయారు. సృష్టికర్త వాళ్ళను బైసన్లుగా మార్చాడు. చెప్పేదాకా ఆగినవాళ్ళు తర్వాత పైకి వచ్చి, ఆ బైసన్ల అడుగుజాడలు పట్టుకుని బతకడం నేర్చుకున్నారు. ఒక కొండనో, ఒక ఏటి ఒడ్డునో చూసి చేతులు జోడించే ఇళ్ళలోంచి వచ్చిన పిల్లలకు ఇది అర్థం కాకపోదు. "అది వాళ్ళకు క్షేత్రం, గట్టిగా అరవకూడదు" అంటే చాలు. చుట్టుపక్కల చెట్లకు రంగు గుడ్డలు కట్టి కనిపిస్తే అవి ఎవరివో మొక్కులు, ముట్టుకోకూడదు.

పదేళ్ళు దాటిన పిల్లలకు ఇంకాస్త చెప్పవచ్చు. 1868 ఒప్పందంలో ఈ కొండలు లకోటాలవేనని అమెరికా ప్రభుత్వం రాసిచ్చింది. తర్వాత బంగారం బయటపడింది, కొండలు చేజారాయి. అది అన్యాయమేనని, పరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ డబ్బు వాళ్ళు తీసుకోలేదు, తమకు కావలసింది నేల అన్నారు. కారులో ఈ మాట చెప్పాక పిల్లలు వరసగా ప్రశ్నలు వేస్తారు. అన్నిటికీ జవాబు ఉండాలని లేదు.

ఇక టూరు ఎంపిక. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా తడబడతారు. పేరు బాగుందనో, పొడవుగా ఉందనో పెద్ద టూరు తీసుకుని, సగంలో పిల్లను ఎత్తుకుని మెట్లెక్కుతూ రొప్పుతారు. చిన్నపిల్లలూ మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళూ ఉంటే గార్డెన్ ఆఫ్ ఈడెన్ టూరు సరిపోతుంది. సుమారు గంట, 150 మెట్లు. నేచురల్ ఎంట్రన్స్ టూరులో 300 మెట్లు ఉన్నా ఎక్కువ భాగం దిగడమే. ఫెయిర్‌గ్రౌండ్స్ టూరులో 450 దాకా ఉంటాయి, ఎక్కేవీ చాలా. కొవ్వొత్తి వెలుగులో నడిచే టూరుకు ఎనిమిదేళ్ళు నిండాలి. పాకుతూ దూరుతూ పోయే టూరుకు పదహారు. మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసం లిఫ్టులో దిగి కొద్దిదూరం చూసి వచ్చే ఏర్పాటు కూడా ఉంటుంది, విజిటర్ సెంటర్‌లో అడగండి. "ఇంత దూరం వచ్చి అమ్మమ్మను కారులో కూర్చోబెట్టాం" అన్న బాధ ఉండదు.

గుహలో ఏడాది పొడవునా చల్లదనం ఒకటే, సుమారు 12 డిగ్రీల సెల్సియస్. బయట జూలై ఎండ మండుతుంటే పిల్లలు స్వెటర్ వేసుకోమని మొరాయిస్తారు. నడుముకు కట్టి తీసుకెళ్ళండి, లోపల వాళ్ళే వేసుకుంటారు. నేల తడిగా ఉండే చోట్లుంటాయి కాబట్టి చెప్పులు వద్దు, బూట్లు వెయ్యండి. లోపల మరుగుదొడ్డి లేదు. తినుబండారాలు తీసుకెళ్ళకూడదు, మంచినీళ్ళు తప్ప తాగేవేవీ కుదరవు. కాబట్టి టూరుకు పావుగంట ముందే ఆ రెండు పనులూ కానిచ్చుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, వేరే గుహకు వేసుకెళ్ళిన బట్టలూ బూట్లూ ఇక్కడికి వేసుకురాకూడదు. గబ్బిలాలను చంపే ఒక బూజు జబ్బు అలా ఒక గుహ నుంచి మరో గుహకు పాకుతుంది. ముందురోజు జ్యువెల్ కేవ్ చూసివచ్చే కుటుంబాలు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి.

చీకటి సంగతి కాస్త నిదానంగా మాట్లాడుకోవాలి. టూరు మధ్యలో రేంజర్ దీపాలన్నీ ఆర్పేస్తారు. ముఖం ముందు పెట్టుకున్న చెయ్యి కనబడదు. మన ఇళ్ళలో అన్నం తినకపోతే చీకట్లోంచి బూచాడు వస్తాడని బెదిరిస్తూ పెంచుతాం. అదే పిల్లవాణ్ణి నేల కింద నిలబెట్టి "మగపిల్లాడివి, భయమేంటిరా" అంటే వాడేం చేస్తాడు? ఏడుస్తాడు. ముందే జరగబోయేది చెప్పండి: ఎవరు ఆర్పుతారు, ఎప్పుడు వెలిగిస్తారు, ఎవరి చెయ్యి ఎవరు పట్టుకుంటాం. ఇంట్లో కిటికీ తెరలు వేసి, స్విచ్ పిల్ల చేతికే ఇచ్చి, ఆర్పడమూ వెలిగించడమూ తననే చెయ్యనివ్వండి. చీకటి తన చేతిలో ఉందని తెలిసిన పిల్ల గుహలో చీకటిని తట్టుకుంటుంది. అయినా భయపడితే భయపడనివ్వండి. ఒకరు పిల్లతో పైన ఉండిపోతారన్న మాట ముందే అనుకుని ఉంటే, ఆ రోజు ఎవరి మీదా ఎవరికీ కోపం రాదు.

బొర్రా గుహలు చూసిన అమ్మమ్మ ఇక్కడ తప్పకుండా ఒక మాట అంటుంది: "వేలాడే రాళ్ళేవీ?" నిజమే, విండ్ కేవ్‌లో అవి తక్కువ. ఇది చాలావరకు పొడి గుహ. ఇక్కడి విశేషం బాక్స్‌వర్క్. గోడల మీదా కప్పు మీదా సన్నని రాతి రేకులు అడ్డదిడ్డంగా కలుసుకుని తేనెపట్టులా కనిపిస్తాయి. ప్రపంచంలో ఇప్పటిదాకా బయటపడ్డ బాక్స్‌వర్క్‌లో 95 శాతం దాకా ఈ ఒక్క గుహలోనే ఉందంటారు. 30 కోట్ల ఏళ్ళు దాటిన సున్నపురాయిలో పగుళ్ళు పడ్డాయి, ఆ పగుళ్ళలో గట్టి ఖనిజం పేరుకుంది, తర్వాత చుట్టూ ఉన్న మెత్తని రాయి కరిగిపోయి పగుళ్ళలోది మిగిలింది. టూరుకు ముందే ఒక బొమ్మ చూపించి ఇది చెబితే, లోపల పిల్లలు వేలాడే రాళ్ళ కోసం వెతకరు, కప్పు వైపు చూస్తారు.

చూడటమే, ముట్టుకోవడం లేదు. వేళ్ళ మీది జిడ్డు అంటుకుంటే రాయి రంగు మారిపోతుంది, ఆ రేకులు విరిగితే మళ్ళీ పెరగవు. మన గుళ్ళ గోడల మీదా కోట గోడల మీదా పేర్లు గీకే అలవాటు పిల్లలు చూసే ఉంటారు కనుక, ఈ మాట ఒకసారి గట్టిగానే చెప్పండి.

అమ్మమ్మా తాతయ్యలకు రేంజర్ ఇంగ్లీషు అందకపోవచ్చు. ఆ పని పిల్లలకు అప్పగించండి. ఆగిన ప్రతిచోటా రేంజర్ చెప్పినదాన్ని చిన్న గొంతుతో తెలుగులో చెప్పాలి. తెలుగు రాదని గునిసే పిల్లలు కూడా ఈ పనికి ముందుకొస్తారు, ఎందుకంటే అక్కడ తమకు తెలిసింది పెద్దవాళ్ళకు తెలియదు. తప్పులు దిద్దకండి.

పన్నెండు పదమూడేళ్ళ పిల్లలుంటే ఆల్విన్ మెక్‌డొనాల్డ్ గురించి చెప్పండి. 1890లో, పదహారేళ్ళ వయసులో, కొవ్వొత్తీ దారపుండా పట్టుకుని ఈ గుహలోకి రోజూ దిగేవాడు. చూసిందల్లా డైరీలో రాసుకునేవాడు. మైళ్ళకొద్దీ దారులు కనిపెట్టాడు. గుహకు చివర అనేది దొరకదేమోనని తనే రాసుకున్నాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్ళి టైఫాయిడ్‌తో తిరిగొచ్చాడు, ఇరవై ఏళ్ళకే పోయాడు. సమాధి గుహ ద్వారానికి దగ్గరలోని గుట్ట మీదే ఉంది. ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు, 1903 జనవరి 9న, థియోడర్ రూజ్‌వెల్ట్ సంతకంతో ఇది నేషనల్ పార్కు అయింది. ఒక గుహ కోసం నేషనల్ పార్కు ఏర్పడటం ప్రపంచంలో అదే మొదలు. తమకన్నా నాలుగేళ్ళు పెద్దవాడు చేసిన పని విన్నప్పుడు ఆ వయసు పిల్లల ముఖాలు వేరుగా ఉంటాయి. పోలిక మాత్రం మీరు తేవద్దు. "చూశావా, నువ్వేమో ఫోను పట్టుకుని..." అన్నారంటే కథ అక్కడితో చచ్చినట్టే.

పైకి వచ్చాక గడ్డిమైదానం. గుహలో ముట్టుకోకు అన్నట్టే ఇక్కడ దగ్గరికి పోకు. బైసన్‌కు కనీసం 25 గజాల దూరం పాటించాలన్నది నియమం, పిల్లలున్నప్పుడు ఇంకా ఎక్కువే పాటించండి. మగ బైసన్ 900 కిలోల దాకా తూగుతుంది, గంటకు 35 మైళ్ళ వేగంతో పరిగెడుతుంది. బద్ధకంగా మేస్తున్న దాన్ని చూస్తే ఆ వేగం నమ్మశక్యం కాదు, ప్రమాదమంతా అక్కడే. తోక పైకి లేచిందంటే అది విసుక్కుందని, వెనక్కి తగ్గాలని పిల్లలకు చెప్పండి. దూరం కొలవడానికి సులువు ఉంది. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, బొటనవేలు పైకెత్తి చూడాలి. జంతువు మొత్తం వేలి చాటున దాగకపోతే మనం మరీ దగ్గర ఉన్నట్టు. ఈ కొలత పిల్లలకు నేర్పితే, ఆ తర్వాత ఫోటో కోసం ముందుకు పోతున్న బాబాయిని వాళ్ళే వెనక్కి లాగుతారు.

మంద రోడ్డు మీదికి వస్తే కారు ఆపి, లోపలే ఉండండి. హారను కొట్టకండి. అరగంట పట్టవచ్చు, ముప్పావుగంటా పట్టవచ్చు. ఆ రోజంతటిలో పిల్లలకు మిగిలే గంట ఇదే కావచ్చు. అందుకే దీని తర్వాత ఇంకెక్కడికో చేరాలన్న తొందర పెట్టుకోవద్దంటున్నాను. కూలర్‌లో పులిహోరా పెరుగన్నమూ ఉంటే ఇంకేం కావాలి. ఆ గంటలో చెప్పడానికి సంగతి కూడా ఉంది. ఒకప్పుడు కోట్ల సంఖ్యలో ఉన్న ఈ జంతువులు 19వ శతాబ్దం చివరికి కొన్ని వందలకు పడిపోయాయి. 1913లో న్యూయార్క్ జంతుశాల నుంచి 14 బైసన్లను రైల్లో ఇక్కడికి తెచ్చి వదిలారు, 1916లో ఎల్లోస్టోన్ నుంచి మరో ఆరు వచ్చాయి. కారు ముందు నడుస్తున్న మంద వాటి సంతతే.

ప్రెయిరీ డాగుల కాలనీ దగ్గర ఇంకోరకం ఓపిక కావాలి. కారు దిగగానే అన్నీ కన్నాల్లోకి దూరిపోతాయి. పావుగంట కదలకుండా నిలబడితే ఒక్కొక్కటే తల బయట పెడుతుంది, ఒకటి వెనక్కి విరుచుకుపడుతూ ఎగిరి అరుస్తుంది, మిగతావి అందుకుంటాయి. రెండు ఎదురుపడితే మూతులు ఆనించి పలకరించుకుంటాయి. పిల్లలు నవ్వుతారు, వెంటనే తినడానికి ఏమైనా పెడతామంటారు. తిరుమల దారిలోనో శ్రీశైలం ఘాట్‌లోనో కోతులకు అరటిపళ్ళు పెట్టిన చేతులు మనవి, అమ్మమ్మ సంచిలోంచి పల్లీలు తీయడం సహజమే. ఇక్కడ కుదరదు. మనిషి తిండికి అలవాటుపడ్డ జంతువు చివరికి కారు కింద పడుతుంది, లేదా జబ్బు పడుతుంది. వాటి ఒంటి మీది ఫ్లీ (flea) పురుగులతో ప్లేగు సోకే ప్రమాదముంది, ఆ కన్నాల్లో విషమున్న రాటిల్ స్నేక్‌లు కాపురముంటాయి. అమ్మమ్మకు ఈ మాట కూతురు చెబితే చిన్నబుచ్చుకుంటుంది. మనవరాలు "వద్దమ్మమ్మా, దాని పొట్ట పాడవుతుంది" అంటే పల్లీలు మారు మాట్లాడకుండా సంచిలోకి పోతాయి.

ఈ ప్రెయిరీ డాగుల్ని తినే జంతువు ఒకటి ఉంది, నల్లకాళ్ళ ఫెరెట్. భూమ్మీద ఇక మిగల్లేదనుకున్న దాన్ని 1981లో వయోమింగ్‌లో ఒక పెంపుడు కుక్క చంపి ఇంటికి పట్టుకొచ్చింది. అలా తెలిసింది, ఇంకా కొన్ని బతికి ఉన్నాయని. వాటిని పెంచి, 2007లో విండ్ కేవ్‌లోనూ వదిలారు. రాత్రిపూట తిరిగే జంతువు, మీకు కనబడే అవకాశం దాదాపు లేదు. కనబడకపోయినా ఉందని చెప్పండి.

విజిటర్ సెంటర్‌లో జూనియర్ రేంజర్ పుస్తకం ఇస్తారు. ప్రశ్నలకు జవాబులు రాసి, బొమ్మలు గీసి చూపిస్తే రేంజర్ ప్రమాణం చేయించి బ్యాడ్జి పెడతారు. ఆ పుస్తకాన్ని హోంవర్కు చేసేయకండి. టైము అయిపోతోందని తండ్రి పక్కన కూర్చుని జవాబులు చెప్పేయడం, ఎన్ని పార్కుల బ్యాడ్జీలు వచ్చాయో ఇంటికి వచ్చినవాళ్ళ ముందు లెక్కపెట్టించడం, ఈ రెండూ నాకు నచ్చవు. బైసన్‌కు ఐదు కాళ్ళు గీసినా రేంజర్ సర్దుకుంటారు.

వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములూ వడగళ్ళూ హఠాత్తుగా వస్తాయి. ర్యాంకిన్ రిడ్జ్ మీదికి మైలు నడక పిల్లలకు బాగుంటుంది, పార్కులో అన్నిటికన్నా ఎత్తైన చోటది, కానీ పొద్దున్నే ఎక్కి దిగిపోండి. పచ్చికలో నడిచాక పిల్లల కాళ్ళకు గోమార్లు పట్టాయేమో చూడండి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు, మ్యాపు ముందే దించుకోండి.

ఎప్పుడు వెళ్ళాలంటే, మే చివర్లో వెళ్తే నారింజరంగు బైసన్ దూడలు తల్లుల వెంట కనిపిస్తాయి. అప్పుడు తల్లులకు కోపం ఎక్కువ, మీ దూరం ఇంకా పెంచుకోండి. జూలై, ఆగస్టుల్లో మగ బైసన్లు జత కోసం కొట్టుకుంటాయి, కారులోంచే చూడండి. నన్నడిగితే సెప్టెంబరు అంటాను. జనం తగ్గుతారు, ఎండ తగ్గుతుంది, సాయంత్రాల్లో మగ ఎల్క్‌లు ఈల వేసినట్టు కూత పెడతాయి. లేబర్ డే వారం వదిలేసి ఆ తర్వాతి శని, ఆదివారాలు చూసుకోండి. పిల్లలకు ఆరింటికే అన్నాలు పెట్టేసి, రోడ్డు పక్కన ఆపుకోమని కేటాయించిన చోట కారు ఆపి, ఇంజన్ కట్టేసి, అద్దాలు దించండి. చీకట్లో జంతువుల మీద టార్చిలైటు వేయడం నేషనల్ పార్కుల్లో నేరం, కాబట్టి పిల్లల చేతిలోంచి అది ముందే తీసుకోండి.